వాక్యాలు కలపడం నేర్పిన ఏడాది

మొన్న బడులు తెరిచిన కొత్తలో, ప్రొద్దుటూరులో మేముంటున్న వీధిలోని బట్టల దుకాణం వాళ్ళ అమ్మాయి, ఎనిమిదో తరగతి పిల్ల, ఇంగ్లీషు వర్కుబుక్కు చంకన పెట్టుకొని మా వసారాలోకి వచ్చి, తాను రాసిన వాక్యం కింద వాళ్ళ మిస్సు ఎర్రగీత ఎందుకు గీసిందో చెప్పమని అడిగింది. ‘దో హి వజ్ సిక్, బట్ హి వెంట్ టు స్కూల్’ అని రాసింది. ఆ తప్పు చూడగానే, చాలాకాలానికి బజారులో చిన్ననాటి స్నేహితురాలు ఎదురుపడినంత సంతోషం కలిగింది నాకు. ‘జరమొచ్చినా గానీ బడికి పోయినాడు’ అని మన వైపు జనం రోజుకెన్నిసార్లు అంటారో మీకూ తెలుసు. ఆ ‘వచ్చినా’నూ, ఆ ‘గానీ’నీ రెండింటినీ ఆ పిల్ల ఎంతో నమ్మకంగా ఇంగ్లీషులోకి మోసుకుపోయింది. ఇంగ్లీషుకు రెండింట్లో ఒకటే చాలని చెప్పి పంపించాను గాని, ఆ పూటంతా నా మనసు ఇంట్లో నిలవలేదు. జమ్మలమడుగు మీదుగా పెద్దముడియం పోయే దారిలో ఉన్న ఒక ఊరి హైస్కూలుకు వెళ్ళి కూర్చుంది.

పదో తరగతి పబ్లిక్ పరీక్ష అంటే ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టిన కాలంలో చదివినవాళ్ళకు ఇంగ్లీషు పేపరులోని ఆ ప్రశ్న గుర్తుండే ఉంటుంది. రెండు చిన్న వాక్యాలు పక్కపక్కన పెట్టి, చివర ఒక మాట ఇచ్చి, ఆ మాటతో రెండింటినీ ఒకటిగా కలపమనేవారు. ‘అండ్’ అయితే అందరూ రాసేవాళ్ళు, ‘బట్’ దాకా కొందరు ధైర్యం చేసేవాళ్ళు, ‘దో’, ‘అన్‌లెస్’, ‘అంటిల్’ దగ్గరికి వచ్చేసరికి పల్లెటూరి పిల్లలు కలం మూత పెట్టి పక్క ప్రశ్నకు జరిగిపోయేవాళ్ళు. నేనూ అట్లా జరిగిపోయినదాన్నే. మా తాతల కాలం దాకా కూలికి పోయిన కుటుంబం మాది. మిషను వాళ్ళు వచ్చిన రోజుల్లో చర్చిలో చేరి, అక్షరం ముక్క నేర్చుకొని, మా నాన్న కాలానికి ప్రైమరీ టీచరుగిరీ దాకా వచ్చింది. జమ్మలమడుగులో చర్చి వీధిలో మాకొక మిద్దె ఇల్లు, దాని ముందు వేపచెట్టు, ఆ చెట్టు కింద మా నాన్న వేయించిన బండల అరుగు. నేను బీయే, బీయెడ్డు పూర్తి చేసే సమయానికి నాన్న లేరు. ఇంగ్లీషు టీచరుగా నాకు ఉద్యోగం వచ్చిన రోజు మా అమ్మ ఆ అరుగును కడిగి ముగ్గు వేసింది. పండగలకు కూడా ముగ్గు వేసే అలవాటు మా ఇంట్లో లేదు.

నాకు పోస్టింగు ఇచ్చిన ఊరు నల్లరేగడి ఊరు. శనగ, పత్తి పండేవి. వానపడితే దారిలో చెప్పులు చేతబట్టుకొని నడవాల్సిందే. ఊళ్ళో తూర్పు వీధి, పడమటి వీధి అని రెండు, రెండు వీధులకూ రెండు పార్టీలు. పైన రాష్ట్రంలో జెండాలు మారినప్పుడల్లా ఈ వీధి అటూ, ఆ వీధి ఇటూ మారేది గాని, ఎదురెదురుగా నిలబడటం మాత్రం మారేది కాదు. మిద్దెల మీద మనుషులు కాపలా కాసేవాళ్ళు. గడ్డివాముల దగ్గరికి పిల్లలను పోనిచ్చేవాళ్ళు కాదు, ఏ వాములో నాటుబాంబులున్నాయో ఎవరికి తెలుసు. ఇవన్నీ మీకు కొత్తగా చెప్పేవి కావు. ఆ రోజుల్లో జమ్మలమడుగు, పులివెందుల వైపు ఉద్యోగం చేసినవాళ్ళకు బస్సు దిగగానే ఏ వీధిలో నడవాలో ముందు తెలుసుకోవడం ఒక అలవాటు.

మా పదో తరగతిలో ఎనిమిది మంది ఆడపిల్లలు. తూర్పు వీధివాళ్ళు కిటికీ వైపు, పడమటి వీధివాళ్ళు తలుపు వైపు కూర్చునేవాళ్ళు. మధ్య బెంచీలో గొర్రెల కాపరుల ఇంటి అమ్మాయి ఒక్కతే, ఏ వీధికీ చెందకుండా, హాయిగా కాళ్ళు చాపుకొని కూర్చునేది. అంతకు ముందటి ఏడు ఆ బడిలో ఒక్క ఆడపిల్ల కూడా ఇంగ్లీషు గట్టెక్కలేదని మా హెడ్మాస్టరు గారు మొదటిరోజే చెప్పారు. కోస్తా నుంచి వచ్చిన మెత్తని మనిషి ఆయన. ఇంగ్లీషు తప్పిన ఆడపిల్లకు ఆ ఊళ్ళో రెండో అవకాశమంటూ లేదు. ఆ వేసవిలోనే పెళ్ళి చేసి పంపేవాళ్ళు.

వ్యాకరణం పుస్తకంలో ఉన్నదున్నట్టు చెప్పి చూశాను. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు, బుద్ధిగా మర్చిపోయారు. ఒక వానరోజు గొర్లవాళ్ళ అమ్మాయి ఆలస్యంగా, పావడా అంచులు బురదతో వచ్చి గుమ్మంలో నిలబడి, “వాన పడతాండినా మా నాయన గొర్లను తోలకరమ్మన్న్యాడు టీచర్, అవి దొడ్లోకి వచ్చేదాకా నేను కదిలేకి కాలేదు, అందుకే ఆలీసమయింది” అని ఒక్క ఊపిరిలో చెప్పింది. నేను కోప్పడదామని నోరు తెరిచినదాన్ని, తెరిచినట్టే ఉండిపోయాను. ఆ పిల్ల ‘దో’నూ ‘అంటిల్’నూ ‘సో’నూ వరసగా, ఒక్క తప్పు లేకుండా వాడేసి నిలబడి ఉంది.

ఆమె అన్న మాటలను అన్నట్టే బోర్డు మీద రాశాను. ‘పడతాండినా’లో చివరి ‘నా’ కిందా, ‘వచ్చేదాకా’లో ‘దాకా’ కిందా, ‘అందుకే’ కిందా గీతలు గీశాను. మనం మాటల్ని కలిపేటప్పుడు ఆ కలిపే ముక్కను క్రియ చివర తోకలాగా తగిలిస్తామనీ, ఇంగ్లీషువాళ్ళకు తోక తగిలించే అలవాటు లేదు కాబట్టి దానికి బదులు ఒక విడిమాటను వాక్యం ముందు పెడతారనీ చెప్పాను. ‘నా’ వస్తే ‘దో’, ‘తే’ వస్తే ‘ఇఫ్’, ‘దాకా’ వస్తే ‘అంటిల్’, ‘లేకుంటే’ వస్తే ‘ఆర్’. గొర్లవాళ్ళ అమ్మాయికి తోక అన్న మాట బాగా నచ్చింది. ఆ రోజు నుంచి పిల్లలు ఇళ్ళలో అవ్వలూ జేజులూ మాట్లాడేది చెవి పెట్టి విని, తోకలు ఏరుకొని క్లాసుకు తెచ్చేవాళ్ళు. మన మాట మొరటుదని కోస్తా వాళ్ళు నవ్వుతుంటే ట్రైనింగు కాలేజీలో తలవంచుకున్న నేను, ఆ మాటనే పట్టుకొని ఇంగ్లీషు చెబుతున్నందుకు క్లాసులో తలెత్తుకొని నిలబడ్డాను.

సంక్రాంతి దాటి, శనగచేలు కోతకొచ్చిన రోజుల్లో, జమ్మలమడుగు నుంచి మోటారు సైకిలు మీద తిరిగి వస్తున్న తూర్పు వీధి మనిషిని ఊరిబయట వంతెన దగ్గర చంపేశారు. మా క్లాసులో కిటికీ పక్కన కూర్చునే అమ్మాయికి ఆయన చిన్నాయన. తలుపు పక్కన కూర్చునే ఒక అమ్మాయి వాళ్ళ నాయనను ఆ కేసులో పోలీసులు పట్టుకుపోయారు. ఊళ్ళో పోలీసు పికెట్ పెట్టారు. బడికి పోవాలంటే తూర్పు వీధివాళ్ళు పడమటి వీధి మొగదలను దాటాలి కాబట్టి ఆ వైపు పిల్లలు మానేశారు. పోలీసులు ఇళ్ళు సోదా చేస్తున్నారని ఈ వైపు పిల్లలూ మానేశారు. మగపిల్లల్ని మాత్రం రెండు వీధుల పెద్దలూ ప్రొద్దుటూరులో బంధువుల ఇళ్ళకు పంపించి ట్యూషన్లు పెట్టించారు. ఆడపిల్లల సంగతి ఎవరికీ తట్టలేదు. ఖాళీ బెంచీల ముందు నేనూ, గొర్లవాళ్ళ అమ్మాయీ మిగిలాం.

జమ్మలమడుగులోనే పరీక్షా కేంద్రం. మా ఇల్లూ జమ్మలమడుగులోనే. చర్చి వీధితో ఏ పార్టీకీ పగ లేదు. ఈ మూడూ ఒకదానికొకటి ఆనుకొని నా తలలో తిరగడం మొదలుపెట్టాక, పరీక్షలయ్యేదాకా ఆ పిల్లలను మా ఇంట్లో పెట్టుకొని చదివిస్తానని హెడ్మాస్టరు గారికి చెప్పాను. “వాళ్ళ గొడవల్లోకి మీరెందుకండీ వెళ్ళడం” అని ఆయన చాలా నచ్చజెప్పారు. నేను వినకపోయేసరికి, గొడుగు తీసుకొని తానే ముందు నడిచారు.

ముందు తూర్పు వీధికి పోయాం. ఆ ఇంట్లో మాట చెల్లేది చనిపోయినాయన తల్లిది, అంటే ఆ అమ్మాయి జేజిది. నడవాలో మంచం మీద కూర్చొని ఉంది. కన్నీళ్ళు ఎప్పుడో ఇంకిపోయిన మొహం. నేను చెప్పేదంతా విని, ఆ వీధి పిల్లలు కూడా వస్తారా అని ఒక్కటే అడిగింది. వస్తారన్నాను.

“నా కొడుకును తిన్న్యోళ్ళ బిడ్డ పక్కన నా మనవరాలు యెట్ల కూచ్చుంటాది?”

“పక్కన కూచోమని నేను చెప్పను జేజీ. నా ముందర కూచోమంటా.”

“రేప్పొద్దున ఏమన్నా అయితే ఎవురు జవాబు?”

“నేనే.”

“నువ్వు ఆడదానివి. నీకేం చేతనైతాది?”

నాకెక్కడి ధైర్యం వచ్చిందో ఇప్పటికీ తెలియదు. “మీ ఊర్లో మగోళ్ళకు చేతనైంది చూస్తాండాం గదా జేజీ” అన్నాను. హెడ్మాస్టరు గారు గొడుగును గట్టిగా పట్టుకున్నారు. ఆమె లోపల తలుపు చాటున నిలబడ్డ మనవరాలిని పిలిచి, పోతావా అని అడిగింది. ఆ పిల్ల తలూపింది. అప్పుడు ఆ ముసలామె, నా మొహం చూడకుండా, “మీ ఇంట్లో బువ్వ తినదు. బియ్యం, పప్పు మేమే పంపిస్తాం, వండుకుంటాది” అంది. ఎందుకన్నదో నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అయినా నేను పోయింది నా కోసం కాదు. తినద్దులే జేజీ, చదువుకుంటే సాలు అని చెప్పి లేచాను.

పడమటి వీధిలో పని కొంత సులువైంది. భర్త జైల్లో ఉన్న ఆ తల్లి, ఊరు దాటిస్తే చాలన్నట్టు, మాటైనా పూర్తి కాకముందే కూతురి బట్టలు సర్దడానికి లేచింది. ఆ రెండిళ్ళూ ఒప్పుకోవడంతో మిగిలిన ఇళ్ళూ ఒప్పుకున్నాయి. హెడ్మాస్టరు గారు పికెట్ దగ్గరి పోలీసాయనతో మాట్లాడి పెట్టారు. మరుసటి ఉదయం బస్సులో ఎనిమిది మందినీ ఎక్కించుకొని, మధ్యలో నేను నిలబడి, జమ్మలమడుగు చేరాను.

మా అమ్మ ఏమంటుందోనని దారంతా భయపడ్డాను. ఆమె పిల్లలను చూసి, బియ్యం మూటలను చూసి, సంగతి అర్థం చేసుకొని, ఇంటి వెనకాల పంచలో ఇటుకలతో పొయ్యి కట్టించింది. కొత్త కుండలు తెప్పించింది. ఆ పొయ్యి దగ్గరికి తాను పోలేదు. వాళ్ళకు కూర మాడితే దూరం నుంచే “మంట తగ్గించండమ్మా” అనేది. అట్లా కొన్నాళ్ళు గడిచాక జేజి మనవరాలికి గట్టిగా జ్వరం వచ్చింది. మిషను ఆసుపత్రి డాక్టరమ్మ జావ తాగించమంది. మా అమ్మ జావ కాచి గ్లాసులో పోసి గుమ్మం దాకా తెచ్చి, లోపలికి రాకుండా నిలబడింది. ఆ పిల్ల పక్క మీంచి చేయి చాపింది. అంతే. మర్నాటి నుంచి పంచలో పొయ్యి చల్లారిపోయింది. మా వంటింట్లో సంగటి గంపెడు కెలకడం మొదలైంది. చెనక్కాయలు నూరి ఊరిబిండి పచ్చడి చేసిన రోజున ఆ రోట్లో మిగిలినదాని కోసం పడమటి వీధి పిల్లా, తూర్పు వీధి పిల్లా చేతులు పెట్టి, ఒకరినొకరు చూసుకొని, ఇద్దరూ వెనక్కి తీసుకున్నారు. గొర్లవాళ్ళ అమ్మాయి ఊడ్చుకు తినేసింది.

వేపచెట్టు కింద రెండు చాపలు పరిచేదాన్ని. ఒక్కో వీధివాళ్ళు ఒక్కో చాప మీద కూర్చునేవాళ్ళు. వాళ్ళ మధ్య ఒక మనిషి పట్టేంత ఖాళీ ఎప్పుడూ ఉండేది. నేను దాన్ని చెరపడానికి ప్రయత్నించలేదు. రోజూ ఒకే అభ్యాసం. ఒకరు ఒక చిన్న వాక్యం చెప్పాలి, దానికి తగిన ఇంకో వాక్యమూ వాళ్ళే చెప్పాలి, వరసలో తర్వాతి పిల్ల ఆ రెండింటినీ కలపాలి. ‘మై మదర్ కుక్డ్ రైస్’, ‘ఐ డిడ్ నాట్ ఈట్’ లాంటివి. చాప మారే చోట ఒక వీధి పిల్ల వాక్యాన్ని ఇంకో వీధి పిల్ల కలపక తప్పేది కాదు. మొదట్లో నేల చూస్తూ కలిపేవాళ్ళు. తర్వాత తప్పు చెబితే నవ్వుకునేదాకా వచ్చారు.

ఒక సాయంకాలం జేజి మనవరాలి వంతు వచ్చింది. ఆ పిల్ల పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకొని, ‘మై అంకుల్ వెంట్ టు జమ్మలమడుగు’ అంది. కొంచెం ఆగి, ‘హి డిడ్ నాట్ కమ్ బ్యాక్’ అంది. కలపాల్సిన వంతు, నాయన జైల్లో ఉన్న పిల్లది. నేను వద్దని చెప్పి వేరే వాక్యం ఇద్దామనుకునేలోగానే ఆ పిల్ల లేచి నిలబడింది. ‘మై’ అని మొదలుపెట్టి, తడబడి, దాన్ని ‘హర్’ అని మార్చుకొని, ‘హర్ అంకుల్ వెంట్ టు జమ్మలమడుగు, బట్ హి డిడ్ నాట్ కమ్ బ్యాక్’ అని చివరిదాకా చెప్పింది. చెప్పి కూర్చోలేదు. నా వైపు చూడలేదు. ఎదుటి చాప మీది పిల్లనే చూస్తూ, “మా నాయన చేసినాడో లేదో నాకు తెల్దు. అమ్మ తోడు తెల్దు” అంది.

జేజి మనవరాలు ఏడవలేదు. “నిన్నేం అడగలేదు లే, కూచ్చో” అంది. నేను వాక్యం సరిగ్గా ఉందని మాత్రం చెప్పగలిగాను. నాకు వచ్చిన టీచరు పని అంతే.

పరీక్షలు దగ్గర పడ్డాక ఒక మధ్యాహ్నం మా ఇంటి ముందు జీపు ఆగింది. నాయన జైల్లో ఉన్న పడమటి వీధి అమ్మాయికి మేనమామ, ఇంకో ఇద్దరు మనుషులతో దిగాడు. వాళ్ళ బిడ్డను ఆ ఇంటి బిడ్డతో కలిపి పెట్టానని ఎవరో చెప్పారట. ఆయన అరుగు ఎక్కకుండానే గట్టిగా, “సదివింది సాల్లే, మూట సర్దుకో, పోదాం పా” అన్నాడు. మా అమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. నేనూ చీర కొంగు బిగించి ఆమె పక్కన నిలబడ్డాను. ఆ పిల్ల మెల్లిగా ముందుకు వచ్చి, “పరీచ్చ అయ్యేదాకా నేను రాను మామా” అంది.

వెనకాల నుంచి గొర్లవాళ్ళ అమ్మాయి, తనకు తెలియకుండానే, “అంటిల్” అంది.

పిల్లలందరూ పకపకా నవ్వేశారు. కిటికీ వైపు వాళ్ళూ, తలుపు వైపు వాళ్ళూ, పడమటి వీధి అమ్మాయి కూడా కళ్ళనీళ్ళతోనే నవ్వింది. ఆ మేనమామకు ఏమీ అర్థం కాలేదు. “ఏందిమే, ఏమంటాండాది ఈ పిల్ల?” అని నన్నడిగాడు. అది ఇంగ్లీషన్నా, మీ కోడలికి బాగా వస్తాంది అన్నాను. ఆయన అంత పొడుగు మనిషీ మీసం సవరించుకున్నాడు. మా అమ్మ అదను చూసి కుర్చీ వేసి మజ్జిగ తెమ్మంటావా అని అడిగింది. మజ్జిగ తాగలేదు గాని, కుర్చీలో కూర్చున్నాడు. కాసేపు మా పాఠం విన్నాడు. పోయేటప్పుడు, పరీక్షల రోజుల్లో పిల్లల వెంట మనిషిని పంపాలా అని అడిగాడు. అక్కర్లేదు, మేమే నడిచి పోతామన్నాను.

నడిచే పోయాం. ఇంగ్లీషు పరీక్ష రోజునే బందు వచ్చి పడింది. ఎన్నికల వేడిలో ఎక్కడో ఎవరినో కొట్టారని ఒక పార్టీ పిలుపు ఇచ్చింది. బస్సులు తిరగలేదు. రోడ్ల మీద టైర్లు కాల్చారు. పరీక్ష మాత్రం ఆపలేదు. చుట్టుపక్కల ఊళ్ళ పిల్లల్లో కొందరు ట్రాక్టర్ల మీద వచ్చి ఆలస్యంగా లోపలికి పరుగెత్తారు. కొందరు రానేలేదు. మా పిల్లలు ఎనిమిది మందీ తలలు దువ్వుకొని, ఇద్దరిద్దరుగా, మూసిన అంగళ్ళ ముందు నుంచి నడిచారు. నేను ముందు, మా అమ్మ వెనక. ఎవరి పక్కన ఎవరు నడుస్తున్నారో ఆ రోజు ఎవరూ చూసుకోలేదు. పోస్టాఫీసు మలుపు దగ్గర కర్రలు పట్టుకున్న కుర్రవాళ్ళు అడ్డం వచ్చి, ఏ ఊరని అడిగితే, జేజి మనవరాలు మొహమాటం లేకుండా, “పరీచ్చకు పోతాండాం అన్నా, దారి ఇడువు” అంది. విడిచారు. ఆ నడకను తలుచుకుంటే ఈ వయసులో కూడా నా వీపు నిటారుగా అవుతుంది.

ఫలితాలు పేపర్లో వచ్చిన ఉదయం బస్టాండులో పేపరు కొని, అక్కడే సిమెంటు బల్ల మీద పరిచి నంబర్లు వెతుక్కున్నాను. ఒక్కొక్కటే దొరుకుతుంటే దాని కింద పెన్నుతో గీత గీసుకున్నాను. ఎనిమిదీ ఉన్నాయి. ప్రొద్దుటూరు ట్యూషన్లకు పోయిన మగపిల్లల నంబర్లు అన్నీ లేవు. ఇది చెప్పుకోవడం మంచిదో కాదో గాని, ఆ సంగతి చూసి నేను బస్టాండులో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ ఊరి నుంచి ఆడపిల్లలు ఇంగ్లీషు తప్పకుండా బయటపడటం అదే మొదలు. హెడ్మాస్టరు గారు బడిలో అందరికీ బొరుగులు, బెల్లం పంచారు.

ఆ తర్వాత కొద్దిరోజులకు, ఎండ బాగా ముదిరిన పూట, జేజి ఒక్కతే బస్సు దిగి, దారి అడుక్కుంటూ మా ఇంటికి వచ్చింది. మనవరాలిని ఇంటర్‌లో చేర్చడానికి ఏ కాలేజీ మంచిదో కనుక్కోవడానికి వచ్చానంది. నేను కుర్చీ తెచ్చేలోగా మా నాన్న అరుగు మీద కూర్చుంది. చెమట తుడుచుకుంది. మా అమ్మ అలవాటు కొద్దీ దూరంగానే నిలబడి ఉంది. ఆ ముసలామె తలెత్తి మా అమ్మను చూసి, “గుక్కెడు నీళ్ళియ్యమ్మా, నోరు పిడసగట్టుకపోయింది” అంది. మా అమ్మ లోపలికి పోయి, కుండలో నీళ్ళు ముంచి, మంచి చెంబు కోసం వెతికి, తెచ్చి చేతికిచ్చింది. ఆమె ఎత్తి పోసుకోలేదు, అంచుకు నోరు పెట్టి తాగింది. చెంబు ఖాళీ చేసి మా అమ్మ చేతికే తిరిగిచ్చింది. నాకు ఆ తర్వాత మంచి టీచరని కలెక్టరు చేతి మీదుగా శాలువా కప్పారు గాని, ఆ చెంబు ఇచ్చి పుచ్చుకోవడం చూసిన గర్వం ముందు శాలువా ఏపాటిది.

జేజి మనవరాలు ఇప్పుడు పులివెందులలో కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెబుతోంది. పడమటి వీధి అమ్మాయి నర్సు అయి కమలాపురంలో స్థిరపడింది. గొర్లవాళ్ళ అమ్మాయి వేముల దగ్గర బడిలో టీచరు. ఇద్దరు పిల్లలు మాత్రం ఇంటర్ మధ్యలో మానేసి పెళ్ళి చేసుకున్నారు. పగవాళ్ళ పిల్లలు ఇద్దరూ ప్రాణస్నేహితులయ్యారని చెబితే వినడానికి బాగుంటుంది గాని, కాలేదు. కేసు ఏళ్ళ తరబడి నడిచింది. ప్రొద్దుటూరు కోర్టు వరండాలో వాయిదాకు వాయిదాకు రెండు కుటుంబాలూ ఎదురుపడేవి. పెద్దవాళ్ళు మొహాలు తిప్పుకుంటే, ఆ ఇద్దరూ మాత్రం ఒకరినొకరు ‘ఏం సదువుతాండావు’ అని అడిగి తెలుసుకునేవాళ్ళట. చివరికి సాక్ష్యాలు లేక కేసు పోయింది. ఆ పిల్లల తర్వాతి తరం మగపిల్లల్లో ఎవరూ ఆ పగను అందుకోలేదు. అందులో నా పాలు ఉందని నేను అనను. ప్రపంచం మారింది, పొలాలకు నీళ్ళొచ్చాయి, కుర్రవాళ్ళు బెంగళూరు పట్టారు.

పోయిన ఏడు గొర్లవాళ్ళ అమ్మాయి తల్లిని చూడబోతూ నన్నూ కారులో ఆ ఊరికి తీసుకుపోయింది. ఊళ్ళోకి నున్నటి సిమెంటు రోడ్డు. పికెట్ డేరా ఉన్న చోట మంచినీళ్ళ ప్లాంటు. బడికి రెండంతస్తుల కొత్త గదులు వచ్చాయి గాని, వాటిల్లో కూర్చునే పిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. మేము నిలబడి ఉండగానే ప్రొద్దుటూరు ప్రైవేటు స్కూలు పసుపు బస్సు వచ్చి ఆగింది. ఊరి ఆడపిల్లలు గుంపుగా దిగారు. అందులో ఒక చిన్నది నా ముందు ఆగి, నేను దారి తప్పాననుకొని కాబోలు, ఎవరింటికి పోవాలో చెబితే చూపిస్తానని గలగలా ఇంగ్లీషులో అడిగింది. వాక్యంలో ఎక్కడా అతుకు కనబడలేదు. నేను ఎవరింటికీ రాలేదు తల్లీ, బడి చూడ్డానికి వచ్చానన్నాను. ఏ బడి అని అడిగింది. చూపించాను. ఓ, అదా అని నవ్వి, ఆకలవుతోందంటూ పరుగెత్తింది.

ఆ పిల్లకు భయం తెలియదు, నిజానికి మేము అంత పాటుపడింది అందుకే. అయినా తాళం వేసిన పదో తరగతి గది కిటికీలోంచి లోపలికి తొంగి చూసినప్పుడు, ఒక్క వాక్యం కలపడానికి లేచి నిలబడి గొంతు సవరించుకునే పిల్లలు అక్కడ లేకపోవడం నా గుండెకు కొంచెం వెలితిగానే తోచింది. గర్వంతో పాటు ఆ వెలితి కూడా నాదే కాబట్టి, రెండింటినీ వెంట తీసుకొని కారెక్కాను.